దుబాయ్‌లో సొంతంగా గ్రాసరీ పెట్టొచ్చా? లక్షన్నర దిర్హమ్‌లు సరిపోతాయా?

ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి ముందు టూకీగా చెప్తాను. మీరు దుబాయ్‌లో తొమ్మిదేళ్లుగా ఒక కంపెనీలో స్టోర్‌కీపర్. లక్షన్నర దిర్హమ్‌లు కూడబెట్టారు. ఖిసైస్‌లోనో అల్ నహ్దాలోనో మన తెలుగువాళ్ల కోసం చిన్న గ్రాసరీ పెట్టాలని ఉంది. షాపు పూర్తిగా మీ పేరు మీద ఉంటుందా, ఈ డబ్బు చాలుతుందా, చాలకపోతే ఊళ్లో ఉన్న పొలం కుదువ పెట్టాలా, ఉద్యోగం ఇప్పుడే మానేయాలా, కౌంటర్‌లో మీ ఆవిడా బావమరిదీ కూర్చోవచ్చా అని అడిగారు. షాపుకు ఇంటి దేవుడి పేరు పెట్టొచ్చా అని కూడా అడిగారు.

జవాబు: షాపు పెట్టొచ్చు. మొత్తం మీ పేరు మీదే ఉంటుంది. డబ్బు మాత్రం సరిపోదు. పొలం జోలికి వెళ్లకండి. ఉద్యోగం ఇప్పుడే మానకండి. బావమరిది విజిట్ వీసా మీద వచ్చి కూర్చుంటానంటే అసలే వద్దు.

నేను 2004లో జగిత్యాల దగ్గర ఒక పల్లె నుంచి వచ్చాను. ఎనిమిదేళ్లు వేరేవాళ్ల గ్రాసరీలో సైకిల్ మీద డెలివరీ చేశాను, తర్వాత కౌంటర్‌లో కూర్చున్నాను. 2012లో సొంత షాపు పెట్టాను, అది ఇప్పటికీ నడుస్తోంది. నేను లాయర్‌ను కాదు, టైపింగ్ సెంటర్ (సర్కారు ఫారాలు నింపి పెట్టే షాపు) వాడినీ కాదు. చేసి, దెబ్బలు తిని తెలుసుకున్నదే చెప్తున్నాను. ఫీజులు, ఫారాలు మారుతుంటాయి కాబట్టి వాటిని అప్పటికప్పుడు కనుక్కోండి.

పేరు ఎవరిది

మేం మొదలుపెట్టినప్పుడు 51 శాతం వాటా ఇక్కడి పౌరుడి పేరు మీద ఉండాల్సిందే. డబ్బంతా మనదైనా కాగితం మీద మన వాటా 49. ఆ పౌరుడిని అర్బాబ్ అంటాం, ఆయనకు ఏటా ఇంత అని ఇచ్చేవాళ్లం. 2021 జూన్ 1 నుంచి ఆ నిబంధన పోయింది. చాలా రకాల వ్యాపారాలకు ఇప్పుడు మెయిన్‌ల్యాండ్‌లో (ప్రత్యేక వ్యాపార జోన్ల బయట, మామూలు ఊళ్లో) కూడా వంద శాతం విదేశీయుడి పేరు మీదే లైసెన్స్ వస్తుంది. గ్రాసరీ కూడా అందులోదే.

అర్బాబ్‌లంటే మనవాళ్లలో ఒక భయం ఉంటుంది. నా అనుభవం వేరు. మా అర్బాబ్ తొమ్మిదేళ్లలో షాపు గడప తొక్కింది రెండుసార్లు, అదీ ఖర్జూరం ఇవ్వడానికి. నన్ను ముంచింది మధ్యలో కలిసిన మనవాడు. సగం పెట్టుబడి పెడతానన్నాడు. ఒకే మండలం కదా అని కాగితం రాసుకోలేదు, బ్యాంకులో సంతకం ఇద్దరికీ పెట్టుకున్నాం. 2014 వేసవిలో నేను ఊరికి వెళ్లి వచ్చేసరికి ఖాతాలో అద్దె చెక్కుకు సరిపడా డబ్బు లేదు. అప్పట్లో చెక్కు బౌన్స్ అయితే నేరుగా పోలీస్ కేసు. ఒక రాత్రంతా స్టేషన్‌లో బెంచీ మీద కూర్చున్నాను. తెల్లారి మా అర్బాబే వచ్చి ఓనర్‌తో మాట్లాడి విడిపించాడు.

2022 జనవరి నుంచి చెక్కుల చట్టం మారింది. ఖాతాలో డబ్బు లేక చెక్కు వెనక్కి వస్తే ఇప్పుడు మామూలుగా క్రిమినల్ కేసు కాదు. అలాగని తేలిగ్గా తీసుకోకండి. చెక్కు పట్టుకున్నవాడు నేరుగా కోర్టు అమలు విభాగానికి వెళ్లి మీ ఖాతా ఆపించగలడు, దేశం దాటకుండా చేయించగలడు.

అందుకే భాగస్వామి ఉంటే, సొంత తమ్ముడైనా సరే, నోటరీ ముందు రాసుకోండి. లైసెన్స్ ఇంకొకరి పేరు మీద ఉండి, నడిపేది మీరైతే అది మీ షాపు కాదు. "పేరు నాది, షాపు నీది, నెలకింత ఇవ్వు" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వంద శాతం మీ పేరు మీదే ఇస్తున్నప్పుడు ఆ బేరం అవసరం ఏముంది?

ఇంకో మాట. ఫోన్ తెరిస్తే చాలు, ఐదారు వేలకే లైసెన్స్ అని ప్రకటనలు వస్తుంటాయి. అవి ఎక్కువగా ఫ్రీజోన్ (విడిగా నిబంధనలుండే ప్రత్యేక వ్యాపార జోన్) లైసెన్సులు. ఆఫీసు పనికో ఆన్‌లైన్ వ్యాపారానికో సరే. వీధిలో షట్టర్ ఎత్తి పప్పు, ఉప్పు అమ్మడానికి అది పనికిరాదు. మీకు కావాల్సింది మెయిన్‌ల్యాండ్ ట్రేడ్ లైసెన్స్, షాపుకు ఎజారీ (అద్దె ఒప్పందం రిజిస్ట్రేషన్), మున్సిపాలిటీ ఫుడ్ సేఫ్టీ అనుమతి. షాపు లేఅవుట్‌ను మున్సిపాలిటీ ఒప్పుకున్నాకే ర్యాకులు కొనండి. మావాడొకడు ముందే ర్యాకులు బిగించేశాడు, తర్వాత చేతులు కడుక్కునే సింక్ కోసం ఒక వరస మొత్తం పీకాల్సి వచ్చింది.

లక్షన్నర ఎందుకు చాలదు

నేను రెండేళ్ల కింద మా మేనల్లుడికి ఖిసైస్‌లో చిన్న షాపు పెట్టించాను. అప్పుడు రాసుకున్న చీటీ నా దగ్గర ఇంకా ఉంది. కొద్దిగా అటూ ఇటూగా అందులోవే ఈ అంకెలు.

అద్దె ఏడాదికి 72 వేలు, నాలుగు చెక్కులు. మొదటి చెక్కు 18 వేలు. డిపాజిట్, ఎజారీ, కరెంటు కనెక్షన్ కలిపి 5 వేలు. పాత ర్యాకులు, రెండు ఫ్రీజర్లు, ఒక చిల్లర్, కెమెరా, బిల్లింగ్ మిషన్ 35 వేలు. బోర్డు 5 వేలు (బోర్డు మీద అరబీ ఉండాల్సిందే, బోర్డుకు విడిగా పర్మిట్ ఉంటుంది). లైసెన్స్, అనుమతులు 18 వేలు. వాడికి, ఇద్దరు కుర్రాళ్లకు వీసాలు, హెల్త్ ఇన్సూరెన్స్ 17 వేలు. మొదటి సరుకు 45 వేలు. మొత్తం లక్షా 43 వేలు.

మీ దగ్గరున్న లక్షన్నరలో మిగిలేది 7 వేలు. షట్టర్ ఎత్తిన రోజున జేబులో 7 వేలు!

ఇప్పుడు నెల ఖర్చు చూడండి. అద్దె 6 వేలు. ఇద్దరి జీతాలు 3 వేలు, వాళ్ల గది, తిండి 1,200. కరెంటు 1,500, ఎందుకంటే ఫ్రీజర్లు రాత్రిపూట కూడా తిరుగుతూనే ఉంటాయి. లైసెన్స్ రెన్యువల్, వీసాలు, పెస్ట్ కంట్రోల్ కాంట్రాక్ట్, అకౌంటెంట్ వగైరా నెలకు పరిస్తే 1,800. అన్నీ కలిపి 13,500.

గ్రాసరీలో వంద అమ్మితే నాకు సగటున మిగిలేది 16. పాలు, ఖుబూస్ (అరబ్ రొట్టె), నీళ్ల సీసాల మీద అంత రాదు. కూరగాయలు, మసాలాలు, చిల్లర తిండ్ల మీద కాస్త ఎక్కువ వస్తుంది, కానీ కూరగాయల్లో పారేసేది కూడా ఎక్కువే. 16 చొప్పున 13,500 రావాలంటే నెలకు 84 వేల పైన అమ్మాలి, అంటే రోజుకు 2,800. అప్పటికి మీకు ఒక్క దిర్హమ్ కూడా మిగలదు. మీకు నెలకు 4 వేలు మిగలాలంటే రోజుకు 3,600 దాటాలి.

కొత్త షాపు మొదటి నెలలో రోజుకు 900 అమ్మితే గొప్ప. మా మేనల్లుడికి 2,800 చేరడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ షాపును బతికించింది పక్కన పెట్టుకున్న డబ్బే. కాబట్టి పెట్టుబడి కాకుండా కనీసం నాలుగు నెలల ఖర్చు, అంటే 54 వేలు, విడిగా ఉండాలి. రెండు లక్షలు చేతిలో లేకుండా దిగకండి.

పొలం ఎందుకు వద్దన్నానంటే, ఊళ్లో తెచ్చే వడ్డీ నెలనెలా కట్టాలి. ఈ షాపు ఏడు నెలల దాకా వడ్డీ ఇచ్చే స్థితిలో ఉండదు. ఇంకో ఏడాదిన్నర ఉద్యోగం చేసి ఆ 50 వేలు కూడబెట్టుకోండి. అప్పటిదాకా చేయాల్సిన పని కింద చెప్తాను, అదేమీ ఖాళీగా కూర్చోవడం కాదు.

ఉద్దెర

లైసెన్స్ గురించి వంద మంది చెప్తారు. ఉద్దెర గురించి ఎవరూ చెప్పరు. నాకు తెలిసి మూతపడ్డ గ్రాసరీల్లో ఎక్కువ అరువు పుస్తకం వల్లే మూతపడ్డాయి.

ఇక్కడ హైపర్‌మార్కెట్ ఉంది, పది నిమిషాల్లో తెచ్చే యాప్‌లు ఉన్నాయి. అయినా జనం గ్రాసరీకి ఎందుకు వస్తారు? ఫోన్ చేస్తే ఒక్క కొత్తిమీర కట్టైనా పైకి పంపిస్తాం, జీతం వచ్చాక ఇస్తానంటే రాసుకుంటాం. ఉద్దెర ఇవ్వను అంటే షాపు నడవదు, అడిగిన వాళ్లందరికీ ఇస్తే మునుగుతుంది. ఈ రెండింటి మధ్య నడవడమే ఈ వ్యాపారం.

2020 సంగతి చెప్తాను. ఏప్రిల్‌లో దుబాయ్ మొత్తం మూసేసినా గ్రాసరీలకు, మందుల షాపులకు అనుమతి ఇచ్చారు. అమ్మకం బ్రహ్మాండంగా ఉంది. కానీ ఎవరి దగ్గరా జీతం లేదు. కంపెనీలు సగం జీతం ఇస్తున్నాయి, కొన్ని అదీ ఇవ్వడం లేదు. బియ్యం లేవన్నా అంటే ఎట్లా కాదంటాం? రాసుకుంటూ పోయాను. మే నెలలో వందే భారత్ విమానాలు (చిక్కుకుపోయిన మనవాళ్లను ఇండియాకు తీసుకెళ్లేవి) మొదలయ్యాయి. టికెట్ దొరికినవాడు దొరికినట్టు వెళ్లిపోయాడు. జూన్ చివర లెక్క చూస్తే పుస్తకంలో 41 పేర్లు, 18 వేల చిల్లర దిర్హమ్‌లు. ఆ పేజీలు చింపలేదు, ఇప్పటికీ ఉన్నాయి.

అందులో 6 వేల దాకా తిరిగొచ్చాయి. మెట్‌పల్లి వైపు వాడొకడు రెండేళ్ల తర్వాత మా ఇంటికే వెళ్లి, మా అమ్మ చేతిలో 9 వేల రూపాయలు పెట్టి, "దుబాయ్‌ల అన్నకు బాకీ ఉన్న" అని చెప్పి చాయ్ కూడా తాగకుండా వెళ్లాడట. వాడి బాకీ 380 దిర్హమ్‌లు. అప్పటి రేటుకు లెక్కేస్తే వాడే కొంచెం ఎక్కువ ఇచ్చాడు.

ఆ దెబ్బ తర్వాత నేను పెట్టుకున్న పద్ధతి ఇది. మొదటి మూడు నెలలు కొత్తవాళ్లకు ఉద్దెర లేదు. తర్వాత ఇచ్చినా మనిషికి 300, కుటుంబానికి 700 దాటనివ్వను. నెల 10వ తేదీ దాటితే పాతది తీరే దాకా కొత్తది రాయను. ఏ గదిలో ఉంటాడో, ఏ కంపెనీయో తెలియనివాడికి అసలు ఇవ్వను. రాసింది వెంటనే ఫోన్‌లో మెసేజ్ పెడతాను, నెలాఖరున "ఇంత ఎందుకైంది" అనే గొడవ ఉండదు. మొత్తం ఉద్దెర ఎప్పుడూ నెల అమ్మకంలో పదో వంతు దాటకూడదు. ఆ గీత దాటిందా, మీ సరుకు డబ్బు జనం ఇళ్లలో ఉన్నట్టే.

మనకు ఉద్దెర ఇచ్చేవాళ్లు కూడా ఉంటారు. లబన్ (మజ్జిగ) వ్యాను, బ్రెడ్డు వ్యాను, చిప్స్ వ్యాను నమ్మకం కుదిరాక బిల్లు మీద సంతకం పెట్టించుకుని వారానికో పదిహేను రోజులకో తీసుకుంటాయి. బ్రెడ్డు, పాలు డేటు దాటితే చాలావరకు వాళ్లే మార్చి ఇస్తారు. వీళ్లతో మాట తప్పకండి. ఒక వ్యాను సేల్స్‌మ్యాన్‌కు రెండుసార్లు "రేపు రా" అంటే ఆ వీధిలో అన్ని వ్యాన్లకూ తెలిసిపోతుంది.

నడుస్తున్న షాపు కొనడం మేలా?

నా ఓటు దానికే, కాకపోతే మీ కళ్లతో చూశాక. నడుస్తున్న షాపులకు కీ మనీ (షాపు చేతికివ్వడానికి పాత ఓనర్ తీసుకునే పగిడీ) అడుగుతారు. "రోజుకు 4 వేలు సేల్" అని అందరూ అంటారు, కంప్యూటర్ బిల్లులు కూడా చూపిస్తారు. వాటిని నమ్మకండి. పొద్దున ఐదున్నరకు ఖుబూస్ వ్యాన్ వచ్చేటప్పుడు అక్కడికి వెళ్లండి. డ్రైవర్‌కు ఒక కరక్ చాయ్ ఇప్పించి, ఇక్కడ రోజుకు ఎన్ని ప్యాకెట్లు వేస్తున్నావు, ఎన్ని వాపస్ తీసుకుంటున్నావు అని అడగండి. 60 వేసి 4 వాపస్ తీసుకుంటే ఆ షాపు నడుస్తున్నట్టు. 25 వేసి 10 వాపస్ తీసుకుంటే ఓనర్ చెప్పేది కథ. తర్వాత మూడు సాయంత్రాలు, ఏడింటి నుంచి పదకొండు దాకా, ఎదురుగా కూర్చుని లోపలి నుంచి వచ్చే సంచులు లెక్కపెట్టండి. అందులో ఒకటి శనివారం కానీ ఆదివారం కానీ ఉండాలి, ఒకటి నెలాఖరు రోజుల్లో ఉండాలి. జీతాలు రాకముందు సేల్ ఎంతో అప్పుడే తెలుస్తుంది.

జులై, ఆగస్టుల్లో చూసి భయపడకండి. స్కూళ్లకు సెలవులు, కుటుంబాలన్నీ ఊళ్లకు పోతాయి. అదే సమయంలో షాపు బేరం పెడితే ధర కూడా తగ్గుతుంది. నేనైతే ఆగస్టులోనే కొంటాను.

కొనేముందు లైసెన్స్ మీద ఫైన్‌లు, పాత కుర్రాళ్ల జీతం బకాయిలు, సప్లయర్ల బాకీలు, వ్యాట్ బకాయి, ఎజారీ ఎప్పటిదాకా ఉంది అనేవన్నీ చూసుకోండి. అద్దె గురించి ఒక మంచి మాట: దుబాయ్‌లో అద్దె పెంచాలన్నా షరతులు మార్చాలన్నా ఓనర్ కాంట్రాక్ట్ ముగియడానికి 90 రోజుల ముందే చెప్పాలి. సొంత అవసరానికనో అమ్ముకుంటాననో ఖాళీ చేయించాలంటే నోటరీ ద్వారా ఏడాది ముందు నోటీసు ఇవ్వాలి. చాలామంది మనవాళ్లకు ఇది తెలియక, వాచ్‌మన్ నోటిమాటకే బెదిరి ఖాళీ చేస్తారు.

ఏడాదిన్నర ఖాళీగా కూర్చోవడం కాదన్నానుగా, అప్పుడు చేయాల్సిన పని ఇదే. సెలవు రోజున షాపులు తిరగండి. అల్ రాస్ హోల్‌సేల్ గల్లీల్లో పప్పుల రేట్లు రాసుకోండి. తెల్లవారుజామున అవీర్ కూరగాయల మార్కెట్‌కు వెళ్లి దొండకాయ పెట్టె ఎంతకు పోతోందో చూడండి. మీరు స్టోర్‌కీపర్ కాబట్టి డేట్లు, స్టాకు తిప్పడం మీకు వచ్చు. కొత్తగా నేర్చుకోవాల్సింది కొనడం.

మన సరుకు, మనకు తెలియని నిషేధాలు

"తెలుగువాళ్ల కోసం" అన్నారు. మంచిదే, కానీ మా షాపులో తెలుగు సరుకు నాలుగో వంతు. మిగతాది కేరళ మట్ట బియ్యం, పాకిస్తాన్ వాళ్ల ఆటా, ఫిలిప్పీన్స్ వాళ్ల నూడుల్స్, ఈజిప్టు వాళ్ల ఫూల్ (ఉడికించిన చిక్కుడు గింజలు) డబ్బాలు. బిల్డింగ్‌లో ఎవరుంటే వాళ్ల సరుకు ఉండాలి. సోనా మసూరి, గోంగూర, కరివేపాకు, పొట్టు మినప్పప్పు, ఇంకా మే నెలలో ఆవకాయ మామిడికాయ, ఇవి మనవాళ్లను దూరం నుంచి కూడా రప్పిస్తాయి. రోజూ గల్లా నింపేవి మాత్రం నీళ్లు, గుడ్లు, పాలు, ఖుబూస్.

గసగసాలు పెట్టొద్దు. మనకు అది కూరలో వేసే మసాలా, ఇక్కడ నిషేధం. కొత్తగా వచ్చినవాళ్లు వారానికొకరైనా అడుగుతారు, "పక్క షాపులో లోపల నుంచి ఇస్తారన్నా" అని కూడా అంటారు. ఇవ్వనివ్వండి. తమలపాకులు కూడా నిషేధమే. వరలక్ష్మీ వ్రతం ముందు రోజు కౌంటర్ దగ్గర నిలబడితే తెలుస్తుంది ఆ బాధ. "పూజకేనండీ, నమలడానికి కాదు" అంటారు ఆడవాళ్లు. నిజమే, కస్టమ్స్ వాళ్లకు ఆ తేడా ఉండదు. గుట్కా, ఖైనీ సంగతి చెప్పనక్కర్లేదు. సిగరెట్లు అమ్మితే ప్యాకెట్ మీద ట్యాక్స్ స్టాంపు ఉన్నవే పెట్టండి, 18 ఏళ్లలోపు వాళ్లకు అమ్మకండి.

ఇక ఆవకాయ. 2016లో మా వదిన పెట్టిన ఆవకాయ 20 కిలోలు, తెలిసినవాళ్ల లగేజీల్లో కొంచెం కొంచెంగా తెప్పించి, ప్లాస్టిక్ డబ్బాల్లో నింపి అమ్మాను. నాలుగు రోజుల్లో సగం పోయింది. ఐదో రోజు ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. డబ్బా పట్టుకుని తిప్పి చూశాడు. ఎక్కడ తయారైంది? ఎప్పుడు? ఏమేం వేశారు? అరబీ లేబుల్ ఏది? నా దగ్గర ఒక్క దానికీ జవాబు లేదు. మిగిలిన పది కిలోలు నా చేతనే ఫినాయిల్ పోయించి పారవేయించాడు, ఫైన్ వేరే. ఆయన తప్పేం లేదు, నాదే. బయటి నుంచి వచ్చే ప్రతి తినే వస్తువుకూ దిగుమతి కాగితం, అరబీ లేబుల్, తయారీ తేదీ, ఎక్స్‌పైరీ తేదీ ఉండాలి. గోతాం విప్పి చిన్న ప్యాకెట్లు కట్టి అమ్మడానికి కూడా విడిగా అనుమతి కావాలి. ఆ ఫినాయిల్ కలిసిన ఆవకాయ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది.

ఇన్‌స్పెక్షన్‌లో మామూలుగా చూసేవి: సరుకు నేల మీద ఉందా, ఫ్రీజర్ మైనస్ 18లో ఉందా, చిల్లర్ 5 డిగ్రీలు దాటిందా, కుర్రాళ్ల హెల్త్ కార్డులు, పీఐసీ (పర్సన్ ఇన్ ఛార్జ్, అంటే షాపులో ఫుడ్ సేఫ్టీకి బాధ్యుడు) సర్టిఫికెట్ ఉన్న మనిషి. ఆ పీఐసీ కోర్సు మీరే చేయండి, కుర్రాడితో చేయిస్తే వాడు మానేసిన రోజు మళ్లీ మొదటికి వస్తుంది.

ఇంకోటి, ఈ వ్యాపారం పగ్గాలు సగం మన దేశంలోనే ఉంటాయి. 2023 జులైలో బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని ఇండియా ఆపేసింది. రెండు రోజుల్లో హోల్‌సేల్‌లో సోనా మసూరి లేదన్నారు, ఉన్నవాడు రేటు పెంచాడు. 2024 సెప్టెంబర్ చివర గానీ ఆ నిషేధం తీయలేదు. మధ్యలో డిసెంబర్ నుంచి ఉల్లిగడ్డ కూడా ఆపారు. నేను ఆ 14 నెలలు బియ్యం మీద దాదాపు లాభం లేకుండా అమ్మాను, ఎందుకంటే బియ్యానికి వచ్చినవాడే పప్పు, నూనె కొంటాడు. ఇలాంటివి తట్టుకోవడానికి కూడా ఆ పక్కన పెట్టిన డబ్బు కావాలి.

పన్నులు, క్లుప్తంగా

"చిన్న షాపుకు వ్యాట్ ఎందుకు" అనుకోకండి. ఏడాది అమ్మకం 3,75,000 దాటితే వ్యాట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అంటే రోజుకు 1,030 అమ్మితే చాలు, దాటినట్టే. పైన లెక్క ప్రకారం అసలు ఖర్చులకే 2,800 అమ్మాలి కదా, కాబట్టి మీరు ఎలాగూ అందులో ఉంటారు. 5 శాతం బియ్యం, పప్పు మీద కూడా ఉంది, ర్యాకు మీద రాసే ధరలోనే అది కలిసి ఉండాలి. రిజిస్ట్రేషన్ ఆలస్యమైతే జరిమానా 10 వేలు.

కార్పొరేట్ ట్యాక్స్ లాభం 3,75,000 దాటాకే, 9 శాతం. మనకు అంత లాభం వస్తే స్వీట్లు పంచుకుందాం. కానీ ఎల్‌ఎల్‌సీ (లిమిటెడ్ కంపెనీ) పెడితే లాభం ఉన్నా లేకున్నా రిజిస్ట్రేషన్ చేయించి రిటర్న్ వేయాల్సిందే. నెలకు కొన్ని వందలు ఇచ్చి ఒక అకౌంటెంట్‌ను పెట్టుకోండి, మీరే కూర్చుని చేస్తానని టెన్షన్ పడకండి.

ఉద్యోగం, ఇల్లు, బావమరిది

కంపెనీ వీసా మీద ఉండగా లైసెన్స్‌లో పేరు వేయించుకోవాలంటే కంపెనీ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) అడుగుతారు. ముందు మీ కాంట్రాక్ట్ తీసి చదవండి. నోటీసు 30 నుంచి 90 రోజుల మధ్య ఎంతో అందులో రాసి ఉంటుంది.

మానేసేటప్పుడు వచ్చే గ్రాట్యుటీ కూడా లెక్కలోకి తీసుకోండి. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులు. తొమ్మిదేళ్లకు 105, 120 కలిపి 225 రోజులు. మీ బేసిక్ 3 వేలైతే రోజుకు 100 చొప్పున 22,500 దిర్హమ్‌లు. ఇంకో ఏడాదిన్నర ఉంటే 4,500 కలుస్తాయి. మనకు కావాల్సిన ఆ 54 వేలలో సగం ఇక్కడే ఉంది చూశారా? దీన్ని మొదటి సరుకులో పెట్టేయకండి, ఇది పక్కన పెట్టే డబ్బు.

మీ ఆవిడ మీ వీసా మీద ఉన్నా షాపులో పని చేయొచ్చు, కాకపోతే వర్క్ పర్మిట్ తీసుకోవాలి. తీసుకోండి, ఆవిడ కౌంటర్‌లో ఉంటే బిల్డింగ్‌లోని ఆడవాళ్లు ధైర్యంగా వస్తారు, మా షాపులో సాయంత్రం సేల్ పెరిగిందే మా ఇంటావిడ కూర్చోవడం మొదలుపెట్టాక.

బావమరిది సంగతి వేరు. విజిట్ మీద వచ్చినవాడు "ఊరికే కూర్చున్నాడండీ" అంటే ఎవరూ వినరు. పర్మిట్ లేకుండా పని చేయించిన యజమానికి జరిమానా ఇదివరకు 50 వేల నుంచి మొదలయ్యేది. 2024లో చట్టం మార్చి లక్ష నుంచి పది లక్షల దిర్హమ్‌ల దాకా చేశారు. మీ దగ్గరున్నదే లక్షన్నర. వాడిని పిలవాలనుకుంటే షాపు వీసా మీదే పిలవండి, జీతం బ్యాంకు ద్వారా ఇవ్వండి.

షాపు పేరు

దేవుడి పేరు కుదరదు. మతానికి సంబంధించిన పేర్లు ట్రేడ్ నేమ్‌గా ఒప్పుకోరు. మనిషి పేరు పెట్టాలంటే లైసెన్స్‌లో ఉన్న మనిషి పూర్తి పేరే ఉండాలి, ముద్దుపేర్లు కుదరవు. టైపింగ్ సెంటర్‌కు వెళ్లేటప్పుడు మూడు పేర్లు రాసుకుని వెళ్లండి, మొదటిది ఎప్పుడూ ఎవరో ఒకరు తీసుకునే ఉంటారు. మా షాపు బోర్డు మీద ఉన్నది మూడో పేరు, నాకే సరిగ్గా పలకడం రాదు. ఫోన్ చేసేవాళ్లందరూ "జగిత్యాల షాపేనా?" అనే అడుగుతారు. దేవుడి పటం మాత్రం లోపల గల్లా పెట్టె మూతకు అంటించుకున్నాను, రోజుకు వందసార్లు తెరుస్తాను కదా.